భూమన్న టిప్పర్లో నల్లడబ్బా

అయ్యా, అమ్మా! మనిషికి ప్రైవసీ దేనికండీ? దాచుకోవడానికి ఏదైనా ఉన్నవాళ్లకు కావాలి గానీ, మహారాష్ట్రలోని కోర్పనా క్వారీ నుంచి ఫ్యాక్టరీకి సున్నపురాయి తోలే భూమన్నకెందుకు? అందుకే కాంట్రాక్టరు ఆయన టిప్పర్లో ఒక నల్లడబ్బా బిగించాడు. స్పీడు, బ్రేకు, హారను, ఆగిన చోటు, అన్నీ రాసుకుంటుంది. దాని మీద ఒక కెమెరా కన్ను!

భూమన్న ఎంత మురిసిపోయాడో! ఇరవై ఏళ్లుగా తిన్నావా, పడుకున్నావా అని ఆఫీసులో అడిగిన దిక్కు లేదు. ఇప్పుడో? ఆవలిస్తే చాలు, డబ్బా కుయ్యిమంటుంది. పాట అందుకుంటే 'డ్రైవర్ ధ్యాస తప్పాడు' అని ఆఫీసుకు మెసేజీ పోతుంది. కన్నతల్లి అయినా ఇంతగా కనిపెట్టుకుని ఉంటుందా చెప్పండి!

బండికి కొత్త సామాను వస్తే ఊరుకుంటామా? భార్య రాజక్క తలస్నానం చేసి వచ్చి, డబ్బాకు పసుపు రాసి, కెమెరా కంటి మీద నిండుగా కుంకుమబొట్టు పెట్టింది. ఆఫీసులో స్క్రీనంతా ఎర్రబడింది. సూపర్‌వైజర్ గిరిధర్ ఫోన్లో లబలబలాడాడు.

"గట్లంటే ఎట్ల సార్? బొట్టు పెట్టకుంట బండి ఎట్ల కదుల్తది?" అన్నాడు భూమన్న.

మలుపు దగ్గర పోశమ్మ గద్దె ముందు రోజూ బండి ఆపి, చెప్పులు విడిచి, దండం పెట్టుకుంటాడు. అదీ డబ్బా పట్టేసింది. 'రోజూ నాలుగు నిమిషాలు ఎందుకు ఆగుతున్నావు?' అని మరాఠీలో నోటీసు! అమ్మవారికి పెట్టిన దండాలకు కూడా లెక్కాపత్రం ఉంటే ఎంత పుణ్యం!

మొన్న ఆ గద్దె దగ్గరే, ఆగి ఉన్న టిప్పర్‌ను గిరిధర్ కారు రివర్సులో వచ్చి గుద్దింది.

"నువ్వే గుద్దావు. రేపట్నుంచి బండెక్కకు" అన్నాడు గిరిధర్.

వేరేవాళ్లయితే కాళ్లావేళ్లా పడేవారు. భూమన్న మాత్రం ఎగిరి గంతేశాడు! సాక్షి ఉంది కదా! ఎప్పుడు ఆగాడో సెకన్లతో సహా తెలిసిన సాక్షి, కూటికి అడ్డుపడే అబద్ధాన్ని ఊరికే పోనిస్తుందా?

"డబ్బా తెరువుండ్రి సార్. నేను ఆగి ఉన్ననో, ఉర్కుతున్ననో అదే చెప్తది."

గిరిధర్ గొంతు సవరించుకున్నాడు. "అలా అడక్కూడదు భూమన్నా. ఆ రికార్డు ఎవరికి పడితే వాళ్లకి చూపించం. అది కంపెనీ ప్రైవసీ."

 భూమన్న బండి తాళంచెవి గిరిధర్ చేతిలో పెట్టాడు.

"గా ప్రైవసీ మంచిగనే పన్జేస్తుంది సార్. గీ డబ్బాకు బదులు నాకు గదే బిగియ్యకపోయిండ్రా?"