పుస్తె కట్టే వేళ జూమ్

పెళ్ళికి పోయి పెళ్ళిని కళ్ళతో చూడటమంత దండగ పని లోకంలో ఇంకోటి లేదు!

కోప్పడకండి. కాస్త ఆలోచించండి. కన్ను ఏపాటి వస్తువు? వయసు మళ్ళగానే మసకబారుతుంది. దుమ్ము పడితే నీళ్ళు కారుస్తుంది. అన్నిటికీ మించి, దానికి జూమ్ లేదు. బ్రహ్మదేవుడు తొందరపడి మనిషికి కళ్ళు బిగించేశాడు గానీ, ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే టచ్ ఫోన్ వచ్చి ఉండేది కదా!

ఈ సంగతి ఎల్లారెడ్డి పట్నం పక్క పల్లెలో ఉండే పెద్దవ్వకు ఎవరూ చెప్పలేదు. పాపం, ఆమె పోయిపోయి కంటికి ఆపరేషన్ చేయించుకుంది.

తల్లి లేని మనవరాలు కళను ఎత్తుకుని పెంచింది పెద్దవ్వే. అమ్మమ్మే అయినా, కన్నకొడుకు పిలిచినట్టే ఆ పిల్లా ఆమెను అవ్వా అనే పిలుస్తుంది. కళ మెడలో పుస్తె పడుతుంటే చూడాలి, పెద్దవ్వకు ఉన్న ఆశ అదొక్కటే. అందుకోసం కామారెడ్డిలో కంటి శిబిరం పెడితే వెళ్ళి పడుకుంది. నల్లద్దాలు పెట్టుకుంది, పొయ్యి ఊదడం మానేసింది, తలస్నానం కూడా మానేసింది. మొత్తానికి పెళ్ళి నాటికి చూపు తెచ్చుకుంది.

ఆమె కొడుకు నగేశ్, అంటే కళకు మేనమామ, తెలివైనవాడు. అతనూ కామారెడ్డే పోయి, ఫోన్ తెచ్చుకున్నాడు. దానికి బటన్లు లేవు. అద్దం మీద రెండు వేళ్ళు ఆనించి విడదీస్తే బొమ్మ పెరుగుతుంది. ఎల్లారెడ్డి బస్టాండులో నిలబడి జూమ్ లాగితే కోసుల దూరాన కామారెడ్డిలో రైలు దిగేవాడి చేతిలో టికెట్ మీది నంబరు చదవొచ్చని నగేశ్ చెప్పాడు. నమ్మకపోతే మీ ఖర్మ! గాంధారిలో ఒకాయన తన పెరట్లో బీరకాయను జూమ్ చేసి ఫోటో పంపితే, దాన్ని మోసుకుపోవడానికి అతని వియ్యంకుడు ట్రాలీ ఆటో కట్టించుకుని వచ్చాడు. ఇంతటి మేలు చేసిన కన్ను ఒక్కటైనా ఉందా?

సరే, పెళ్ళి ఎల్లారెడ్డిలో, ఫంక్షన్ హాల్లో. భర్త పోయిన ఆడమనిషి పుస్తె కట్టే వేళకు మంటపం దగ్గరికి రాకూడదని మనవాళ్ళ ఆచారం. పెంచిన చేతులైనా సరే, దూరంగానే ఉండాలి. పెద్దవ్వ ఆ ఆచారాన్ని పల్లెత్తు మాట అనలేదు. పొద్దున్నే వచ్చి, ఖాళీ హాల్లో ఈ కుర్చీలో ఆ కుర్చీలో కూర్చుని చూసింది. పెళ్ళికూతురి మెడ ఎక్కణ్ణుంచి తిన్నగా కనిపిస్తుందో కనిపెట్టి అక్కడ పాతుకుపోయింది. పక్కింటి చంద్రవ్వ ఫలహారానికి పిలిచినా లేవలేదు.

"నువ్వు తినిరాపో చంద్రవ్వా. నేను లేస్తే గీ కుర్చి పోతది."

బాజాలు జోరందుకున్నాయి. పంతులు చెయ్యెత్తాడు. అంతే! ముందు వరసల వాళ్ళంతా లేచి ఫోన్లు ఎత్తారు. నారుమడి మొలిచినంత ఒత్తుగా మొలిచాయి చేతులు! వాటన్నిటికీ ముందు, అన్నిటికన్నా ఎత్తుగా, నగేశ్ వీపు.

"నగేశా! జర వంగురా!"

"అవ్వా, కదిలియ్యకు, ఖరాబైతది! నీ కోసమే తీస్తున్న!"

"నాకెందుకురా? నాకు కండ్లున్నయి!"

"జూమ్ చేసి చూపిస్త, పుస్తె మీద పసుపు సుత కనవడ్తది. ఆగు!"

పెద్దవ్వ ఆగింది. కాసేపటికి బాజాలూ ఆగాయి. పుస్తె కట్టడం అయిపోయింది.

చూశారా, ఎంత సౌకర్యమో! ఆచారం మనిషిని దూరం పెడితే జూమ్ దగ్గరికి తెస్తుంది. ఇంతకన్నా సంఘసంస్కరణ ఏముంటుంది?

నగేశ్ చెమటలు కక్కుతూ వచ్చి ఫోన్ ముందు పెట్టాడు. మొదట మోచేతులు కనిపించాయి. తరువాత ఎవరిదో బట్టతల. ఆ రెంటి సందున ఒక పసుప్పచ్చ చుక్క.

"గదే మన కళ," అంటూ రెండు వేళ్ళతో విడదీశాడు. చుక్క పెరిగి పెరిగి చదరాలు చదరాలుగా విడిపోయింది.

చంద్రవ్వ తొంగిచూసింది. "ఏంది నగేశా, పెండ్లి తీసినవా, ఇటుకల బట్టీ తీసినవా?"

నగేశ్‌కు రోషం వచ్చింది. "ఇంకోటున్నది, ఆగు చిన్నమ్మా!"

అది పొద్దున తీసింది. బాసికం కట్టిన కళ ముఖం అద్దం నిండా ఉంది. పెద్దవ్వ ప్రాణం కరిగిపోయింది. ముద్దుగా ఆ ముఖాన్ని రెండు చేతులా నిమిరి, చేతులు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. టచ్ ఫోన్‌ను నిమిరితే ఊరుకుంటుందా? కళ సర్రున పక్కకు జారిపోయింది. మొన్న పశువుల అంగడిలో నగేశ్ కొన్న బర్రె వచ్చి ఆ చోట నిలబడింది. పిల్లకు తీసిన దిష్టి కాస్తా బర్రెకు పోయింది. ఆనాటి నుంచి దాని పాలు పట్టడానికి ఇంట్లో గిన్నెలు చాలడం లేదని వినికిడి. ఇది మాత్రం జూమ్ మహిమ కాదా?

అప్పగింతల వేళ కళ కారెక్కబోతూ, పక్కన ఒదిగి నిలబడ్డ పెద్దవ్వ దగ్గరికి పరుగున వచ్చింది.

"అవ్వా, చూసినవా?"

చూశానని చెబుదామనే పెద్దవ్వ నోరు తెరిచింది. మాట అటు తిరగలేదు.

"లేదు బిడ్డా. మీ మామ వీపు చూసిన."

కళ నవ్వబోయి ఏడ్చింది. ఏడుపు కనబడగానే మళ్ళీ లేచాయి ఫోన్లు!

"అవ్వా, గిటు తిరుగు!" అని అరిచాడు నగేశ్. "కళా, ఇంకొంచెం ఏడ్వు, మంచిగొస్తది!"

పెద్దవ్వ తిరగలేదు. తన చీర కొంగు లాగి ఇద్దరి తలల మీదుగా కప్పేసింది. లోపల గాజులు గలగలమన్నాయి. తరువాత గుసగుస.

"ఇగో, చూడు. ముట్టుకో."

"వద్దు బిడ్డా, నేను ముట్టొద్దు."

"ముట్టుకో అంటున్న గద అవ్వా!"

లోపల గాజులు మరోసారి గలగలమన్నాయి. కారు డ్రైవరు హారన్ కొట్టినా కొంగు తొలగలేదు.

నగేశ్ పట్టు వదిలే మనిషి కాదు. దగ్గరికి పోయి మరీ ఫోటో తీశాడు. అడిగితే మీకూ చూపిస్తాడు. వెలుతురు బాగుంది, చెయ్యి వణకలేదు, మధ్యలో ఎవరి వీపూ అడ్డు రాలేదు. జూమ్ చేస్తే కొంగు అంచులో నేత పోగులు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. ఇంకా జూమ్ చేస్తే, ఇంకా పోగులే కనిపిస్తాయి.