ఫిజిక్స్ తప్పిన ఫ్రెంచి పిల్ల

ఆ ఆదివారం పొద్దున తెనాలి జూనియర్ కాలేజీలో బర్నబాస్ మాస్టారి ఆలోచన చాలా చిన్నది. ఇంగ్లీషు చెప్పే ఆ మాస్టారికి ఒక ఫ్రెంచి సినిమా అంటే ప్రాణం. అందులో అందమైన ఇంటర్ వయసు పిల్లలు ప్రేమించుకుంటారు, కిటికీలోంచి వాన చూస్తారు, దిగులు పడతారు. అంతే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ర్యాంకులే వింటున్న తన విద్యార్థులకు, ర్యాంకు మాటే లేని కథ ఒక్కటైనా చూపించాలని ఆయన కోరిక. తెచ్చిన కాపీలో కింద ఇంగ్లీషు అక్షరాలు పడవు కాబట్టి కథ తనే చెబుదామనుకున్నాడు.

తెర మీద అమ్మాయి ఏడుపు మొదలుపెట్టిందో లేదో, ప్రిన్సిపాల్ శ్రీనివాసరావు మీటింగుకొచ్చిన తల్లిదండ్రులందరినీ వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చాడు.

"ఏంటి సార్, ఆ పిల్ల ఎందుకేడుస్తోంది?"

ప్రేమ అంటే ఉద్యోగం ఊడుతుంది. "ఫిజిక్స్ తప్పిందండి," అన్నాడు మాస్టారు.

"మరి ఆ కుర్రాడు?"

"ఫస్టు ర్యాంకండి. నోట్సు ఇస్తానంటున్నాడు."

నోట్సు ఇచ్చేవాడు అంత దగ్గరికి రానక్కర్లేదు. కుర్రాడు వంగుతుండగా మాస్టారు ఒక్క ఉరుకున తెరకు అడ్డం నిలబడ్డాడు. ముద్దు ఆయన తెల్ల చొక్కా మీద జరిగిపోయింది. ముందు వరసలో జ్ఞానమ్మ అనే తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. "మావాడూ ఇలాగే కిటికీలోంచి చూస్తాడండి. ఫిజిక్సన్నమాట!"

ప్రిన్సిపాల్ మాస్టారి భుజం తట్టాడు. "బాపట్ల, రేపల్లె బ్రాంచీల్లో కూడా వేద్దాం. మీరే చెప్పాలి సార్."

బాపట్లలో ఆ అమ్మాయి కెమిస్ట్రీ కూడా తప్పింది. స్టేషన్లో వీడ్కోలు కాస్తా లాంగ్‌టర్మ్ కోచింగ్ ప్రయాణమైంది. తిరుగు బస్సులో మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన సినిమా పీక తనే నొక్కుతున్నాడు మరి.

రేపల్లెలో ఇక పట్టలేకపోయాడు. ఉద్యోగం పోతే పోయిందనుకుని సినిమా ఆపేశాడు. "అబద్ధం చెప్పానండి! ఈ అమ్మాయి ఏదీ తప్పలేదు. ప్రేమించింది. అతను వెళ్లిపోతున్నాడు, అందుకే ఏడుస్తోంది. ర్యాంకుకీ దీనికీ సంబంధం లేదండి!"

ప్రిన్సిపాల్ నోరు తెరిచేలోగా వెనక బెంచీలోంచి గీతిక అనే సెకండియర్ పిల్ల లేచింది. ఒక్కరికైనా అర్థమైందని మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"లేదు సార్, ఫిజిక్సే," అంది ఆ పిల్ల ఓదార్పుగా. "నేనూ అచ్చం అలాగే ఏడుస్తానండి. ప్రేమకి అంత ఏడుపు రాదు."

హాలంతా చప్పట్లు మోగాయి. "చూశారా, మాస్టారు మిమ్మల్ని పరీక్షించారు!" అన్నాడు ప్రిన్సిపాల్, ఊపిరి పీల్చుకుని. మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు.

మర్నాడు రేపల్లె బస్టాండు ఎదుట కాలేజీ ఫ్లెక్సీ వెలిసింది. ర్యాంకర్ల ఫొటోల మధ్య ఆ ఫ్రెంచి అమ్మాయి కూడా ఉంది, కళ్ల నిండా నీళ్లతో.

ఆమెకు నాలుగో ర్యాంకు ఇచ్చారు.