మెదడులో కరెంటు ఎవరికెక్కువ?

శుభవార్త వచ్చేసరికి నేనూ మా ఆయనా ఒకే కప్పులో కాఫీ తాగుతున్నాం. ఇంట్లో రెండో కప్పు లేక కాదు. పెళ్లయి ఇంకా నెల కాలేదు.

టీవీలో విద్యామంత్రిగారు ప్రకటించారు: "మగపిల్లల మెదడులో కరెంటు ఎక్కువని ప్రభుత్వం సైంటిఫిక్‌గా నిర్ణయించింది. ఈరోజే పరీక్ష చేసి నిరూపిస్తాం. కరెంటు ఎక్కడ ఎక్కువుంటే బాలికల బడిలోని కంప్యూటర్లు అక్కడికే!"

ముందు నిర్ణయించి తర్వాత పరీక్షించడం! ఎంత టైమ్ ఆదా!

పరీక్ష మా ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే. పిల్లల తలకి వైర్ల టోపీ పెట్టి మెదడు గీతలు తీసేది ఆయనే. నేను గెంతులేశాను. ఆ బడిలోనే చదివే మా ఆడపడుచు మాత్రం మొహం వేలాడేసింది.

"వదినా, నేను రాస్తున్న గేమ్ సగంలో ఉంది. కంప్యూటర్ పట్టుకుపోతే ఎలా?"

మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, టిఫిన్ డబ్బా వంకతో నేనూ వెంట వెళ్లాను.

మగపిల్లలు కదలకుండా కూర్చోవాలని మంత్రిగారి పీఏ తలా ఓ చాక్లెట్ ఇచ్చాడు. ఆడపిల్లలకి, బుద్ధిగా ఉండమని సలహా ఇచ్చాడు. తెరమీద మగపిల్లల గీతలు ఎగిరి గంతేశాయి. ఆడపిల్లలవి చిన్నగా, నెమ్మదిగా సాగాయి.

"చూశారా!" అన్నారు మంత్రిగారు.

"సార్, అది మెదడు కాదండీ, దవడ. నములుతున్నారు," అన్నాడు మా ఆయన.

"నమలమని దవడకి చెప్పేదెవరయ్యా? మెదడేగా!"

ఈ తెలివికి నేను ముగ్ధురాలినయ్యాను.

ఈలోగా టోపీ మా ఆడపడుచు తలకెక్కింది. "అంకుల్, నాకూ ఓ చాక్లెట్!" అని పీఏ దగ్గర్నుంచి లాక్కుని కరకరా నమిలింది. గీతలు తెర పైకప్పుని తన్నాయి.

"అన్నయ్యా, ఆపకు, అలాగే తియ్!"

మంత్రిగారు గంభీరంగా, "మిషన్‌కి ప్రతిపక్షం డబ్బులిచ్చినట్టుంది. టోపీ నాకు పెట్టు, తేలుస్తా," అన్నారు.

పెట్టుకుని, విద్యారంగానికి తాను చేసిన సేవ గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడారు. గీతలకి తెర చాల్లేదు.

"రికార్డు సార్!" పీఏ చప్పట్లు కొట్టాడు. "పిల్లలెవరూ మీ దరిదాపుల్లో లేరు!"

మంత్రిగారు టోపీ తీయకుండానే కెమెరాల వైపు తిరిగారు.

"సైన్స్ ఏం చెబితే అదే చేస్తాం. రేపు పొద్దున్నే లారీ పంపిస్తున్నా. కంప్యూటర్లన్నీ మా ఇంటికే."