గవర్నర్‌కు కొత్త తోలు

చెరకు ఆడే కాలంలో బోధన్ చుట్టుపక్కల గాలికి కూడా తీపి అంటుకునేది. ఫ్యాక్టరీ పాకం వాసన పొద్దున్నే ఊళ్ళ మీదికి వచ్చేది. గడియారం లేని ఇళ్ళలో ఫ్యాక్టరీ కూత వినే పొయ్యి వెలిగించేవాళ్ళు. అలా మాఘమాసంలో ఒకరోజు, అరవై నాలుగో సంవత్సరమది, కూత వినబడగానే రాజలింగు లేచి లారీ ముందు నిలబడ్డాడు. వర్ని దగ్గర పోశన్న తోటలో చెరకు నింపుకోవాలి, ఎండ ముదరకముందే ఫ్యాక్టరీలో దించాలి, ఇంటికొచ్చి వేడినీళ్ళు పోసుకోవాలి. ఆ రోజుకు అతని ఆలోచన అంతే.

లారీ అతనిదే. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు ఎక్కడ తిరిగిందో గాని, చివరికి ఇతని చేతికి వచ్చింది. ఈమధ్య దాని గవర్నర్‌లో తోలు బిళ్ళ చిరిగింది. కంపెనీ బిళ్ళ బొంబాయి నుంచి రావాలన్నారు. చెరకు అంతవరకు ఆగదు కాబట్టి, నిజామాబాద్ బజారులో దొరికిన బిళ్ళ ఒకటి తెచ్చి ముందురోజే తన చేత్తో బిగించుకున్నాడు.

"గవర్నర్ అంటే హైదరాబాద్‌ల బంగ్లల ఉంటడు గద. నీ లారీల ఆయనకేం పని?" అంది భార్య వసంతమ్మ, చాయ గ్లాసు అందిస్తూ.

"గా గవర్నర్ రాజ్యాన్ని సూస్తడు, గీ గవర్నర్ ఇంజన్ను సూస్తడు. గీయన ఉంటెనే ఇంజన్‌కు ఎంత డీజిల్ కావాల్నో అంతే పోతది. లేకుంటె దానికి పట్టపగ్గాలుండయ్."

తల్లి హన్మవ్వ అప్పటికే కొంగు నడుముకు చుట్టి వాకిట్లో నిలబడింది. "బజార్ల తోలు మంచిగుంటదార? నీ చెప్పులే రెండు నెల్లు ఉండయ్," అంది.

"నేనే బిగించిన గదనే అవ్వా!"

"గందుకే అడుగుతున్న," అని ఆమె తన దారిన తాను బయల్దేరింది. పొలాల్లో సత్తవ్వ పసుపు ఉడకబెడుతోంది. కొమ్ము ఉడికిందో లేదో తాను గిల్లి చూసి చెప్పందే ఆ ఊళ్ళో పసుపు ఉడకదని హన్మవ్వ నమ్మకం.

పోశన్న తోటలో చెరకు ఎక్కించుకుని, క్లీనర్ లింగాన్ని పక్కన కూర్చోబెట్టుకుని రాజలింగు బోధన్ దారి పట్టాడు. లింగం ఇతనికంటే పెద్దవాడైనా యజమాని కాబట్టి అన్నా అనే పిలిచేవాడు, బుర్రమీసాల మనిషి, కూర్చుంటే చాలు కునుకు తీసేవాడు. కాలువ వంతెన ఎక్కేదాకా లారీ ముద్దుగా నడిచింది. వంతెన దిగుతుండగా బండి కింద ఎక్కడో 'టప్'మని చిన్న చప్పుడైంది. మరుక్షణం ఇంజన్ గొంతు మారిపోయింది. రాజలింగు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. లారీ ఇంకా జోరందుకుంది.

"అన్నా, జర మెల్లగ పోనీ," అన్నాడు లింగం, కళ్ళు తెరవకుండానే.

"నేను తోల్తలేనురా! అదే పోతున్నది!"

క్లచ్ తొక్కితే ఇంజన్ బద్దలయ్యేట్టు అరిచింది, భయపడి వదిలేశాడు. ఇంజన్ ఆపే తీగను బలంగా లాగితే, తీగ మొత్తం చేతిలోకి వచ్చేసింది. బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. కాలిన వాసన వచ్చింది కాని అంత చెరకు బరువుతో లారీ ఎక్కడా తగ్గలేదు. వెనక కట్లు తెగి చెరకు గడలు రోడ్డు మీద రాలుతుంటే, జనం ఏరుకుంటూ దండాలు పెడుతున్నారు.

రుద్రూరు వచ్చింది. హోటల్ ముందు బెంచీ మీద బావ లింబయ్య కూర్చుని ఉన్నాడు. లింబయ్య రాజలింగు అక్క గంగుబాయి మొగుడు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. అప్పుడెప్పుడో ఒక పెళ్ళిలో గంగుబాయి చేసిన గరిజెలు, అంటే కజ్జికాయలు, రాళ్ళలా ఉన్నాయని హన్మవ్వ ఒకదాన్ని వియ్యాలవారి ముందే నేలకేసి కొట్టి చూపించింది. గరిజె పగల్లేదు గాని, తల్లీకూతుళ్ళ మధ్య పొత్తు పగిలింది. అప్పటినుంచి బావ ఎదురైతే రాజలింగు తల తిప్పుకుని పోయేవాడు. ఇవాళ ప్రాణం మీదికొచ్చేసరికి అవన్నీ గుర్తుకు రాలేదు. తల బయటపెట్టి గొంతు చించుకున్నాడు.

"బావా! ఆగుత లేదు! ఇగ ఆగుత లేదు బావా!"

లింబయ్య చేతిలోని చాయ సాసరు జారి పడింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నా కోసం బావ ఇంత అల్లాడిపోతాడని ఎన్నడూ అనుకోలేదే అని రాజలింగుకు ఆ గాబరాలోనే కళ్ళు చెమర్చాయి.

ఊరు దాటి మలుపు తిరిగేసరికి ముందు రోడ్డంతా చెరకు బండ్లు. ఫ్యాక్టరీకి పోయే ఎడ్లు, బండ్ల మీద ముసుగుతన్ని పడుకున్న మనుషులు. పక్కన తమ ఊరి ఆశన్న వరి మడి, నీళ్ళు నిలిచి, నాట్లకు దున్ని సిద్ధంగా ఉంది. "లింగం, గట్టిగ పట్టుకో!" అని స్టీరింగ్ తిప్పేశాడు. లారీ గట్టు దూకి, బురదలో ఇరుసుల దాకా దిగి, పెద్దగా ఒకసారి తుమ్మి ఆగిపోయింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. కొంగలు కూడా అటే చూస్తున్నాయి.

ఇద్దరూ గట్టు మీదికి చేరి కూలబడ్డారు. ఒంటికి అంటిన బురద కడుక్కునేసరికి చాలాసేపు పట్టింది. ఈలోగా రుద్రూరు వైపు నుంచి బస్సు వచ్చి వాళ్ళను దాటిపోయింది. కిటికీ దగ్గర అక్క గంగుబాయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కనిపించింది. నా లారీ గతి చూసే ఏడుస్తోంది, రక్తసంబంధం ఎక్కడికి పోతుంది అనుకున్నాడు రాజలింగు.

కొంతసేపటికి ఆశన్న సైకిల్ మీద వచ్చాడు. దమ్ము చేసుకున్న మడిలో లారీ దిగితే ఎవడు ఊరుకుంటాడు? తిట్లు తినడానికి రాజలింగు తల వంచుకుని లేచాడు. ఆశన్న మాత్రం వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మడిదేముందిరా, మల్ల దున్నుకుంట. మీ అవ్వ కంటె ఎక్కువనా? ఎసొంటి మనిషి! పొద్దుగాల నన్ను తిట్టి మరీ పసుపు కాడికి పోయింది."

"ఏమైంది మా అవ్వకు?"

ఆశన్న గొంతు తగ్గించాడు. "ధైర్నం చేస్కో. మీ ఇంటి ముంగట మంది నిండిండ్రు. అందరు పోయింది పోయింది అంటున్నరు. ఆ పసుపు ఉడికే కాగుల కాడ ఏమైందో ఏమో. నా సైకిల్ తీస్కపో."

రాజలింగు సైకిలెక్కాడు. తొక్కుతుంటే దారి కనిపించడం లేదు. ఈ లారీ కొన్ననాడు హన్మవ్వే ముందు సీట్లో ఎక్కింది. ఒళ్ళో నిమ్మకాయల గంప పెట్టుకుని, "మెల్లగ, మెల్లగ" అంటూ ఊరంతా తిప్పించుకుంది. ప్రతి ఇంటి ముందూ హారన్ కొట్టమంది. పొద్దున ఒక్క నిమిషం ఆగి ఆమె మాటకు నిమ్మళంగా జవాబివ్వకపోతినే అని అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

వాకిలి నిండా జనం. వసంతమ్మ, గంగుబాయి ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. లింబయ్య వెదురుబొంగుల కోసం మనిషిని పంపుతున్నాడు. అక్క పరుగున వచ్చి తమ్ముణ్ణి కావలించుకుంది. "ఒక్కపారి నన్ను పిలిస్తె రాకపోదునా తమ్మీ! పంతానికి పోయి అవ్వ మొకం సూడకపోతి!"

"ఏడుంది అవ్వ?" అన్నాడు రాజలింగు వెక్కుతూ.

"పసుపు కాడికి మనుషులు పోయిండ్రు, తెస్తరు," అంది వసంతమ్మ.

ఎవరూ తెచ్చే పని లేకుండా హన్మవ్వే వచ్చింది. పొలాలకు అడ్డంపడి, నెత్తి నుంచి కాళ్ళ దాకా పసుపు మరకలతో, దూరం నుంచే తన ఇంటి ముందు గుంపు చూసింది. అడుగు తడబడింది. "వామ్మో, నా ఇంట్ల ఎవలు పోయిండ్రే!" అని గుండె బాదుకుంటూ వచ్చి ఆడవాళ్ళ మధ్యలో కూలబడి రాగం ఎత్తుకుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు మొహాలు చూడరు కదా! గంగుబాయి తల వంచుకునే ఆ పక్క మనిషి మెడ పట్టుకుంది.

"మా అవ్వ పోయిందే!"

"ఏ అవ్వనే?"

"మా హన్మవ్వనే!"

"నేను పసుపు కాడికి పోయిన్నే, ఏడికి పోయిన?"

ముందుగా వసంతమ్మ కెవ్వుమంది. ఒకరిద్దరు గోడ దూకారు. రాజలింగు తల్లి చెయ్యి పట్టుకుని చూశాడు. వెచ్చగా, పచ్చగా ఉంది.

"ఎవడు చెప్పిండ్రా నేను పోయిన్నని?" అంది హన్మవ్వ.

అందరూ లింబయ్య వైపు చూశారు. లింబయ్య బామ్మర్ది వైపు చూశాడు. "నువ్వే గదనోయ్! లారీల కెళ్లి 'అవ్వ లేదు, ఇగ అవ్వ లేదు బావా' అని మొత్తుకున్నవ్!"

"నేను ఆగుత లేదు అన్న! లారీ ఆగుత లేదన్న!"

జనం నవ్వుకు ఇంటి మీద కాకులు లేచిపోయాయి. హన్మవ్వ మాత్రం నవ్వలేదు. కూతురి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "గంత దూరం నుంచి ఏడ్సుకుంట వచ్చినవా బిడ్డా? బతికుంటె రాకపోతువి," అంది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు నిజంగా ఏడ్చారు. వచ్చిన జనం అందరికీ ఆ సాయంత్రం అక్కడే అన్నం.

మర్నాడు ఎడ్లు కట్టి లారీని పైకి లాగారు. బోధన్ నుంచి మెకానిక్ రామ్‌దాస్ వచ్చేలోపే చూసేవాళ్ళు తలా ఒక తీర్పు చెప్పారు. బజారు తోలు పిగిలిందని ఒకరు, స్ప్రింగ్ విరిగిందని ఒకరు. రాజలింగు నిజామాబాద్ దుకాణదారుణ్ణి ఏడు తరాల దాకా తిట్టాడు. రామ్‌దాస్ గవర్నర్ విప్పాడు. తోలు చెక్కుచెదరలేదు, స్ప్రింగ్ కూడా బాగుంది.

"ఇంజన్ గాలి గుంజెటప్పుడు గీ సన్న పైపు నుంచి తోలును గుంజుతది, డీజిల్ తగ్గుతది. పైపు ఊడిందనుకో, గుంజెటోడు లేడు, స్ప్రింగ్ మొత్తం డీజిల్ ఇడుస్తది," అని వేలాడుతున్న రబ్బరు పైపును పట్టుకుని చూపించాడు. "క్లిప్పు ఎవలు బిగించిండ్రు?"

రాజలింగు గడ్డం గోక్కున్నాడు. తోలు బిళ్ళ బిగించిన రోజు పట్టకారు దొరక్క వేళ్ళతోనే తిప్పి వదిలేసిన సంగతి అతనికి అప్పుడే గుర్తొచ్చింది.

గంగుబాయి కొన్నాళ్ళు ఉండిపోయింది. తల్లీకూతుళ్ళు కలిసి వండారు, కలిసి తిన్నారు, ఒక్క గొంగడి మీద పడుకుని పాత ముచ్చట్లు చెప్పుకున్నారు. తరువాత పచ్చిపులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర మాటామాటా పెరిగి, గంగుబాయి మూట కట్టుకుని, చచ్చినా ఈ గడప తొక్కనని బస్సెక్కి రుద్రూరు వెళ్ళిపోయింది.

హన్మవ్వ రెండురోజులు రుద్రూరు దారి వైపు చూస్తూ లారీ చుట్టూ తిరిగింది. మూడోనాడు కొడుకు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"బిడ్డా, గా పైపు మల్ల ఊడదా?"

అవ్వ భయపడుతోందనుకుని రాజలింగు ఆ పూటే బోధన్ వెళ్ళి ఒకటికి రెండు క్లిప్పులు కొనుక్కొచ్చాడు.