మూడో ఎపిసోడ్‌లో పోయిన మనిషి

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు సృజన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఆఫీసు కార్డు తగిలించుకుని, లాప్‌టాప్ బ్యాగుతో మధురానగర్‌లోని తన ఫ్లాటుకు తాళం వేశాడు. భార్య లాస్య ఆఫీసుకని చెప్పి తెల్లారగానే వెళ్లిపోయింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా అతను రోజూ వెళ్లే దారిలోనే వెళ్లాడు. అక్కడ మాత్రం హైటెక్ సిటీ వైపు వెళ్లవలసిన బైకును, ఎవరైనా చూస్తున్నారేమోనని రెండు వైపులా చూసి, ఫిల్మ్‌నగర్‌కు తిప్పాడు.

కారణం 'ఏడో గ్రహం'. నలభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు సినిమా అది. ఒళ్లంతా జిగురు కారే ఒక భూతం అంతరిక్ష నౌకలోకి దూరి, ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే మింగేస్తుంది. నాలుగు భాగాలు వచ్చాయి గానీ, ఆ భూతం అసలు ఎక్కడ పుట్టిందో ఏ భాగంలోనూ చెప్పలేదు. ఇప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలతో టీవీ సిరీస్ తీశారు. ఎనిమిది ఎపిసోడ్లు, తెలుగు మాటలతో సహా, ఆ రోజు తెల్లవారుజామునే విడుదలయ్యాయి. శనివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొదటినుంచీ చూడాలని, అప్పటిదాకా ఎవరూ ఒక్క నిమిషం కూడా చూడకూడదని సృజన్, లాస్య ఒట్టు వేసుకున్నారు. సృజన్ ఒట్టు గురువారం రాత్రి భోజనం దాకా గట్టిగానే ఉంది.

ఫిల్మ్‌నగర్‌లో ఉన్నది లాస్య తండ్రి బసవపున్నయ్య. సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. పంతొమ్మిదో ఏట గుడివాడ చుట్టుపక్కల థియేటర్లకు 'ఏడో గ్రహం' రీలు పెట్టెలు మోసుకు తిరగడంతో ఆయన సినిమా జీవితం మొదలైంది. ఆ భూతమంటే ఆయనకు భయమూ ఉంది, బంధుప్రీతీ ఉంది.

అయితే రెండేళ్లుగా ఆయనకు పని లేదు. నిర్మాత సత్యనారాయణమూర్తి సినిమాకు పనిచేస్తూ, క్లైమాక్సులో ఏనుగు వద్దండీ అన్నాడు. మూర్తి వినకుండా ఏనుగును తెప్పించాడు. అది గోదావరిలోకి దిగి మూడు రోజులు బయటికి రాలేదు. బసవపున్నయ్య చెప్పిందే నిజమైనందువల్ల మూర్తి ఆయన్ని క్షమించలేకపోయాడు. మూర్తి పిలవని మనిషిని మిగతావాళ్లూ పిలవడం మానేశారు. ఇంట్లో మిగిలింది ఖాళీ సమయం, ఎప్పుడో ఒక హీరో బహుమతిగా ఇచ్చిన ఆరు స్పీకర్ల పెద్ద టీవీ.

"రండి అల్లుడుగారూ, కర్టెన్లు వేసేశాను. ఆఫీసుకి ఏమని చెప్పారు?" అన్నాడు బసవపున్నయ్య గుమ్మంలోనే.

"ఇంక చెప్పలే మామయ్యా. నాకు బాగలేదని చెప్పే సెలవులన్నీ ఒడిసినయ్. మీకు బాగలేదని చెప్తే ఏమన్న అనుకుంటరా?"

బసవపున్నయ్య క్షణం ఆలోచించాడు. "నాకేం, చెప్పండి. గుండె అని మాత్రం అనకండి, అది పెద్ద కథ అయిపోతుంది. ఛాతీ అని ఊరుకోండి. మిగతాది వాళ్లే ఊహించుకుంటారు."

సృజన్ తన మేనేజర్ లీలాకుమారికి ఫోన్ చేశాడు. "మేడం, మా మామగారికి ఛాతీల జర పట్టేసినట్టుంది. ఇయ్యాల దగ్గరుండాలె." లీలాకుమారి మంచి మనిషి. "అయ్యో, ముందు ఆయన్ని చూసుకో సృజన్," అంది. ఆ మంచితనానికి సృజన్‌కు కాస్త సిగ్గేసింది. మొదటి ఎపిసోడ్ పేర్లు పడగానే పోయింది.

బసవపున్నయ్య సోఫాలో కాళ్లు చాపుకుని, మెడదాకా తెల్ల దుప్పటి కప్పుకున్నాడు. ఏసీ చలికి కొంత, భూతం వస్తే ముఖం మీదికి లాక్కోవడానికి కొంత. మధ్యలో ఆపడానికి మాత్రం ఒప్పుకోడు. "థియేటర్లో ఒకడికి ఫోనొచ్చిందని రీలు ఆపుతామా?" అని రిమోటును నడుం కింద పెట్టుకున్నాడు. ఆయన భార్య పుష్పవల్లి రెండుసార్లు వచ్చి ఇడ్లీలు చల్లారిపోతున్నాయని చెప్పింది. జవాబు రాకపోతే వంటింట్లోకి వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు మూడో ఎపిసోడ్ మంచి పట్టులో ఉండగా లీలాకుమారి ఫోన్ చేసింది. నౌకలోని వైద్యుణ్ణి భూతం తాకింది. అతణ్ణి మంచం మీద పడుకోబెట్టారు. ఆరు స్పీకర్లలోనూ మిషను బీప్, బీప్ అంటోంది.

"సృజన్, ఎలా ఉందయ్యా మీ మామగారికి?"

"పర్లేదు మేడం, ఇక్కడనే..." అన్నాడు సృజన్ కళ్లు తెరకు అప్పగించి.

"పల్స్ అందట్లేదు," అంది టీవీ. "ఇంకోసారి ప్రయత్నించండి. తొందరగా." బీప్‌లు ఒకటే గీతగా సాగాయి. ఒక ఆడగొంతు వెక్కింది. "క్షమించండి. ఆయన ఇక మన మధ్య లేరు." వెనక వయొలిన్లు మొదలయ్యాయి.

రెండు ఎపిసోడ్లుగా సృజన్‌కు నచ్చిన పాత్ర అదొక్కటే. "అయ్యో, పాయె," అన్నాడు మనస్ఫూర్తిగా.

లీలాకుమారి గొంతు తగ్గించి అంది. "నువ్వు ధైర్యంగా ఉండు. ఇక్కడ సంగతి నేను చూసుకుంటాను."

"సోమవారం మన ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది గద మేడం?"

"ఇలాంటప్పుడు కూడా రిలీజ్ గురించి ఆలోచిస్తున్నావా?" అంది లీలాకుమారి, ఏడుపు ఆపుకుంటూ.

ఛాతీ పట్టేస్తేనే ఇంత జాలి చూపే మేనేజర్ లోకంలో ఇంకొకరు ఉండరనుకుని, సృజన్ ఫోనును సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేశాడు.

లీలాకుమారి టీం వాట్సాప్ గ్రూపులో రెండు వాక్యాల సంతాపం పెట్టింది. ఆ టీంలో, సృజన్ మామగారు ఎవరో తెలిసిన నర్సింహ ఉన్నాడు. అతని అన్న సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్‌లో ఉంటూ షూటింగుల్లో లైట్లు పట్టుకుంటాడు. నర్సింహ అన్నకు చెప్పాడు, అన్న వీధికి చెప్పాడు. కృష్ణానగర్ వీధుల్లో ఆటో కదలడానికి అరగంట పడుతుంది గానీ కబురుకు అడ్డం ఉండదు. పావుగంటలో అది సత్యనారాయణమూర్తి ఆఫీసుకు చేరింది. మూర్తి కుర్చీలో కూలబడ్డాడు. రెండేళ్లలో ఒక్కసారి పిలిచి మాట్లాడి ఉండాల్సింది. నిజమో కాదో తేల్చుకుందామని పుష్పవల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, బసవపున్నయ్య... నేను విన్నది..."

"ఏం చెప్పమంటారండీ. తొమ్మిదింటికి సోఫాలో వాలారు. అంతే, ఇంక కదల్లేదు. పిలిచినా పలకట్లేదు."

"అల్లుడు వచ్చాడా?"

"పొద్దున్నించీ పక్కనే ఉన్నారు. పాపం ఆయనకీ తిండీ నీళ్లూ లేవు."

"అంతా ఎప్పటికి అవుతుందంటున్నారమ్మా?"

"సాయంత్రంలోపు పూర్తిచేసేస్తామంటున్నారు. నాకు అలవాటేనండీ ఇది, ఏడిస్తే మాత్రం వింటారా. ఉండండి, వంకాయ కూర మాడుతోంది."

మూర్తి ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు. దుఃఖం పట్టలేనప్పుడు ఆడవాళ్లు ఇలాగే మాట్లాడతారని ఆయన తీసిన మూడు సినిమాల్లో ఉంది. వెంటనే షామియానా, కుర్చీలు పంపమని ఆఫీసుకు చెప్పి, తను దండ కోసం బయల్దేరాడు.

నాలుగో ఎపిసోడ్‌కు ముందు బసవపున్నయ్య బాత్రూముకు లేచాడు. కిటికీలోంచి చూస్తే గేటు బయట నలుగురు మనుషులు షామియానా గుంజలు పాతుతున్నారు. ఆ వీధి మలుపులో ఖాళీ స్థలం అదొక్కటే కాబట్టి ఎవరింట్లో ఏం జరిగినా షామియానా ఆయన గేటు ముందే పడేది. అందుకు ఆయన ఆశ్చర్యపోలేదు. వాళ్లు వేస్తున్న తీరు చూసి మాత్రం ప్రాణం ఊరుకోలేదు. చెప్పులు వేసుకుని బయటికొచ్చాడు.

"ఆ గుంజ అక్కడ కాదయ్యా, కార్లు ఎలా తిరుగుతాయి? ఏంటి కార్యక్రమం?"

"ఎవరో పెద్దమనిషి పోయిండంట సార్," అన్నాడు షామియానా మేస్త్రీ. "సినిమాలాయన. గీడ వెయ్యమన్నరు, వేస్తున్నం."

"అయ్యో పాపం." బసవపున్నయ్య ఒక్క క్షణం తల వంచుకున్నాడు. "సినిమా మనిషైతే యాభై కుర్చీలు ఏ మూలకి? వంద తెప్పించు. మంచినీళ్ల డబ్బాలేవి? ఆడవాళ్లకి ఆ పక్కన నీడలో వేయించు. పెద్దవాళ్లొస్తే కారు నేరుగా లోపలికి రావాలి, ఇక్కడొక మనిషిని నిలబెట్టు."

మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు చేశాడు. రెండేళ్ల తర్వాత తన మాట ఎవరో విన్నందుకు బసవపున్నయ్య మనసు తేలికపడింది. లోపలికి వచ్చి, "పాపం, మనవాడెవరో పోయాడట అల్లుడుగారూ. నాలుగోది అయ్యాక ఒకసారి వెళ్లి కనబడి వద్దాం," అని దుప్పటి కప్పుకున్నాడు.

ఈలోగా లీలాకుమారి నర్సింహను అడిగి ఆ ఇల్లెక్కడో తెలుసుకుని, ఆఫీసు రికార్డులో లాస్య నంబరు వెతికి ఫోన్ చేసింది. అసలు మాట నోటికి రాక, "నాన్నగారింటికి వెంటనే రామ్మా. సృజన్ అక్కడే ఉన్నాడు, నేనూ వస్తున్నాను," అని పెట్టేసింది. లాస్య సృజన్‌కు చేస్తే ఎత్తలేదు. తల్లికి చేస్తే లైను ఖాళీ లేదు. వెంటనే ఆటో ఎక్కింది.

పన్నెండున్నరకు మూర్తి, లీలాకుమారి గేటు దగ్గర కలిశారు. ఒకరికొకరు తెలియకపోయినా నమస్కారాలు చేసుకున్నారు. వంద కుర్చీలు, నీళ్లు, నీడ చూసి మూర్తి ఆవిడ వైపు తిరిగాడు. "చూశారామ్మా, ఆయన ఉన్నప్పుడు ఏర్పాట్లన్నీ ఇలాగే ఉండేవి," అన్నాడు. ఇద్దరూ చెప్పులు విడిచి, తలుపు నెమ్మదిగా తోసుకుని హాల్లోకి వచ్చారు.

హాలంతా చీకటి. సరిగ్గా అప్పుడే తెర మీద భూతం గుడ్డు పగలబోతోంది. స్పీకర్లలో చప్పుడు లేదు. సృజన్ నేల మీద కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. బసవపున్నయ్య భయంతో దుప్పటిని తలమీదుగా లాక్కుని, చిన్న సందులోంచి చూస్తున్నాడు. మూర్తికి కనిపించింది సోఫా మీద నిలువునా తెల్ల దుప్పటి, బయటికి రెండు పాదాలు.

"క్షమించు బసవపున్నయ్యా," అని గొణిగి, నీళ్లు కారుతున్న ఆ చల్లటి దండను ఆయన పాదాల మీద పెట్టాడు.

తెర మీద గుడ్డు పగిలింది. కాళ్లకు చల్లగా, తడిగా ఏదో తగిలిన బసవపున్నయ్య గుడివాడ దాకా వినిపించేటంత కేకవేసి, దుప్పటితో సహా నిటారుగా లేచాడు. శవం లేచిందని మూర్తి వెనక్కి పడ్డాడు. ఆయన వెళ్లి లీలాకుమారి మీద పడితే, ఆమె వెళ్లి సృజన్ మీద పడింది. తన మేనేజర్ తన ఒళ్లో ఎందుకుందో సృజన్‌కు అర్థం కాలేదు గానీ, అలవాటు కొద్దీ "గుడ్ మార్నింగ్ మేడం," అన్నాడు. లాస్య పరుగున వచ్చి లైటు వేసింది. దుప్పటి జారిపోయి బసవపున్నయ్య, కాలికి గులాబీ దండతో, కళ్లార్పుతూ నిలబడి ఉన్నాడు.

లాస్య తండ్రిని పట్టుకుని ఏడ్చింది. ఎవరు ఏమనుకున్నారో, ఏ ఫోనులో ఏం వినబడిందో తేలడానికి పది నిమిషాలు పట్టింది. అందరి కథలూ చెప్పడం అయ్యాక అందరూ సృజన్ వైపు చూశారు.

"ఛాతీ అనమన్నది నేనే మేడం," అన్నాడు బసవపున్నయ్య. "అల్లుడుగారు అమాయకులు."

లాస్య కళ్లు తుడుచుకుంది. "అమాయకుడా? నాతో ఒట్టేసి, ఆఫీసని చెప్పి, ఇక్కడ కూర్చుని చూస్తావా? అది కూడా ఆ వైద్యుడి కోసం ఏడ్చి, ఇంతమందిని హడలగొట్టి? వాడసలు పోనే లేదు, ఆరో ఎపిసోడ్‌లో లేచొస్తాడు."

అందరి చూపులూ సృజన్ నుంచి లాస్య వైపు తిరిగాయి.

"ఆరోది నీకెట్ల తెలుసు?" అన్నాడు సృజన్ మెల్లగా.

లాస్య కిందపడ్డ దుప్పటి తీసి మడతపెట్టడం మొదలెట్టింది. ఆమె కూడా ఆఫీసుకు సెలవు పెట్టి, తెల్లారగానే స్నేహితురాలి గదికి వెళ్లి ఏడో ఎపిసోడ్ మధ్యలో ఉండగా లీలాకుమారి ఫోన్ వచ్చిందని, గట్టిగా అడగకుండానే తెలిసిపోయింది. పుష్పవల్లి వంటింట్లోంచి వచ్చి, "మంచిది, ఇప్పుడైనా ఎవరైనా తింటారా?" అని అడిగింది.

మూర్తి మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఆ వంద కుర్చీలు ఎవరు చెప్పారు? నేను పంపింది యాభయ్యే."

"నేనేనండీ," అన్నాడు బసవపున్నయ్య కాలి దండ తీసుకుంటూ. "ఎవరో సినిమా మనిషన్నారు. మర్యాదగా ఉండాలి కదా అని."

మూర్తి దగ్గరికి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "సోమవారం కొత్త సినిమా మొదలవుతోంది. పొద్దున్నే ఆఫీసుకి రండి. ఏనుగులు లేవు."

బసవపున్నయ్య తల రెండుసార్లు ఊపి, రిమోటు తీసి మూర్తి చేతికిచ్చాడు. పలకరింపుకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి, విషయం తెలుసుకుని, బయటి కుర్చీలు లోపలికి తెచ్చుకున్నారు. లీలాకుమారి ముందు వరసలో కూర్చుంది. వంకాయ కూర చాలక పుష్పవల్లి పులిహోర కలిపింది. సాయంత్రం ఆరింటికి ఎనిమిదో ఎపిసోడ్‌లో భూతం పుట్టిన చోటు తెలిసినప్పుడు నలభైమంది ఒకేసారి ఊపిరి వదిలారు.

సోమవారం సృజన్ బుద్ధిగా ఆఫీసుకు వెళ్లాడు. దగ్గరి బంధువు పోయినందుకు అతనికి మూడు రోజుల సెలవు అప్పటికే మంజూరై ఉంది. దాన్ని రద్దు చేయబోతే, మరణ ధ్రువీకరణ పత్రం జతచేయమని కంప్యూటర్ అడిగింది.