ఎండుటాకు షరతు

ఆ ఉదయం గుమస్తాగారి పథకం చాలా చిన్నది. పెరడు శుభ్రం కావాలి, తన నడుము మాత్రం వంగకూడదు.

ఇంటి వెనకే గుట్ట. ఎండలు ముదిరితే గుట్ట మీది పొదలు అంటుకుని, నిప్పురవ్వలు ఇళ్ల మీదికి ఎగిరొస్తాయి. మామగారేమో ఫైర్ స్టేషన్‌లో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లికి అల్లుడికి నీళ్ల పైపు కానుకగా ఇచ్చిన ఘనుడు. "ఇవాళ వచ్చి చూస్తా. పెరట్లో ఒక్క ఎండుటాకు కనిపించినా, వేసవి పోయేదాకా అమ్మాయిని మా ఇంటికి తీసుకెళ్తా" అని ఫోన్‌లో చెప్పేశారు. భార్య ఒక్క పూట లేకపోతేనే గుమస్తాగారికి ఇల్లు బావురుమంటుంది.

"రాత్రే ఊడ్చమన్నానుగా! నాన్న వచ్చేస్తారు" అంది భార్య.

"ఊడ్చడం ఎందుకోయ్? మేకను అద్దెకు తెచ్చాను. అంతా అదే తినేస్తుంది."

మేక పెరడంతా ఒకసారి కలియజూసింది. ఎండుగడ్డి దానికి నచ్చలేదు. మామగారిచ్చిన పైపు నచ్చింది. "ఓసి నీ దుంపతెగ!" అంటూ గుమస్తాగారు వెంటపడేసరికి, గోడకు ఆనించి పేర్చిన కట్టెలెక్కి పెంకుల కప్పు మీదికి దూకింది. ఆయనా అదే దారిన ఎక్కారు. ఎక్కగానే కట్టెలు దడదడా కూలిపోయాయి. ఇక దిగే దారి లేదు.

భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ఊపుతూ, "ఎవరైనా రండి!" అని అరిచారు. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది. కప్పు మీద ఎర్రగా ఏదో రెపరెపలాడుతోంది, పక్కన ఓ మనిషి గోల పెడుతున్నాడు. ఆవిడ మారు ఆలోచించకుండా ఫైర్ స్టేషన్‌కు ఫోన్ కొట్టింది.

ఫైరింజన్ రావడం, నీళ్లు చిమ్మడం ఒకేసారి జరిగాయి. "మంట లేదు బాబూ! మేక! మేక!" అని ఆయన మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ముందు ఆయన తడిశారు, తర్వాత పెరడు తడిసింది, చూడ్డానికొచ్చిన పక్కింటావిడ కూడా తడిసింది. అప్పుడు ఫైరింజన్ ముందు సీట్లోంచి మామగారు దిగారు. పాత స్నేహితులతో టీ తాగుదామని స్టేషన్‌కు వెళ్లి, అల్లుడి అడ్రసు వినగానే బండెక్కేశారట.

నమిలిన పైపు చూశారు. కూలిన కట్టెలు చూశారు. "అమ్మాయీ, బట్టలు సర్దుకో!"

"అయ్యో, వద్దు మామయ్యగారూ!" అని కప్పు మీంచి గుమస్తాగారు బతిమాలారు. భార్య మాత్రం కదల్లేదు.

"ఒక్క ఎండుటాకు చూపించండి నాన్నా, ఈ క్షణమే వచ్చేస్తా."

మామగారు వంగి వెతికారు. ప్రతి ఆకూ నీళ్లోడుతోంది. చెట్టు కింద గాలించారు, గడ్డి దులిపారు, లాభం లేకపోయింది. చివరికి నిచ్చెన వేయించుకుని, చూరు వెంట వాననీళ్లు పోయే గాడిలో చెయ్యి పెట్టారు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తలో అడుగునైనా ఓ పొడి ఆకు ఉండకపోదని ఆయన ధీమా. గాడి ఖాళీ. మేక ఆఖరి ఆకు నములుతూ ఆయన వంక చూసింది.

"నిప్పురవ్వ ముందు పడేది ఇక్కడేనయ్యా! నా సర్వీసు మొత్తంలో ఈ గాడి శుభ్రం చేసినవాళ్లని చూడలేదు" అన్నారు మామగారు. చెయ్యి చాచి మేక వీపు నిమిరారు. "ఎవరిదీ మేక?"

"అద్దెది మామయ్యగారూ" అన్నారు గుమస్తాగారు ఎర్ర తువ్వాలు పిండుకుంటూ.

కిందికి దిగగానే భార్య పొడి తువ్వాలు అందించింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

మామగారు మాట తప్పే మనిషి కారు. వేసవి పోయేదాకా తీసుకెళ్తానన్నారు, తీసుకెళ్లారు, మేకను. చీపురు మాత్రం అల్లుడికి వదిలేశారు.