కుర్చీ కోసం పరుగెత్తండి, దేశం బాగుపడుతుంది!

ఆఫీసులో ఎవరికీ సొంత కుర్చీ ఉండకూడదు! రోజూ దానికోసం పరుగెత్తాలి. జాతి బాగుపడే దారి ఇదొక్కటే.

కోకాపేటలోని మా కంపెనీ ఈ పద్ధతి పెట్టి ఆరు నెలలైంది. పేరు హాట్ డెస్క్. ఎనిమిది వందల మందికి ఐదు వందల కుర్చీలు! పొద్దున తొమ్మిదింటికి యాప్ తెరుచుకుంటుంది. ఖాళీ కుర్చీ ఆకుపచ్చగా కనిపిస్తుంది. నొక్కాలి, పది నిమిషాల్లో పరుగెత్తుకొచ్చి కూర్చోవాలి, లేదంటే బుకింగ్ పోయినట్టే.

కొందరు సణుగుతున్నారు. చరిత్ర తెలియక! 1889లో అమెరికా ప్రభుత్వం ఒక్లహోమాలో చేసిందీ ఇదే. ఆదివాసుల దగ్గర తీసుకున్న నేలకు 'ఎవరికీ కేటాయించని భూములు' అని పేరు పెట్టి, జనాన్ని హద్దు దగ్గర నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం తుపాకి పేల్చింది. వేలాది మంది గుర్రాల మీదా బళ్ల మీదా ఉరికారు. ముందు గుంజ పాతినవాడిదే ఆ నేల ముక్క. పొద్దుగూకేసరికి ఊళ్లకు ఊళ్లే వెలిశాయి. పరుగెత్తకుండానే అగ్రరాజ్యం అయిపోయిందంటారా?

మనకు గుంజలెందుకండీ? మనది బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకునే జాతి! మా టీమ్‌లో రోహిత్ ముందురోజు సాయంత్రమే కుర్చీకి స్వెట్టర్ తొడిగి వెళ్తాడు. ఒక్లహోమాలోనూ తుపాకి పేలకముందే పొదల్లో నక్కినవాళ్లున్నారు. తర్వాత 'ముందే దూరినవాళ్లు' అన్న వాళ్ల పేరే ఆ రాష్ట్రానికి ముద్దుపేరైంది. రోహిత్‌కు ప్రమోషన్ ఖాయం.

ఇక నా సంగతి. నా నడుం నొప్పికి ఏడో అంతస్తులో కిటికీ పక్క కుర్చీ ఒక్కటే మందు. దానికోసం నిజాంపేటలో ఐదింటికే లేచి, ఎనిమిదిన్నరకల్లా లాబీలో కాచుకుంటాను. లిఫ్ట్ దొరక్కపోతే మెట్లే. నాలుగు కిలోలు తగ్గాను. నడుం నొప్పి పెరిగిందనుకోండి, అది వేరే సంగతి.

మొన్న సోమవారం ఆ కుర్చీ నాకే దక్కింది. రొప్పుతూ వెళ్లి చూస్తే, హౌస్‌కీపింగ్ లక్ష్మమ్మ మోకాళ్లు పట్టుకుని అందులో కూర్చుని ఉంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"జర మోకాళ్లు గుంజుతున్నయని కూసున్న సారూ. సూపర్వైజర్‌కు చెప్పకుండ్రి."

"అయ్యో, మీ కుర్చీ ఎక్కడమ్మా?"

"మాకెక్కడిది? పొద్దుగాల ఏడింటి సంది నిలవడుడే. కూసుంటే ఫొటో తీసి గ్రూపుల పెడ్తరు." కిటికీలోంచి కిందికి చూసి నవ్వింది. "గీ బిల్డింగున్న జాగల మా జొన్నచేను ఉండె సారూ. గప్పుడు గట్టు మీద ఎంతసేపు కూసున్నా అడిగెటోడు లేకుండె."

ఫోన్ తీసి యాప్ తెరిచాను. ఎనిమిది వందల పేర్లలో లక్ష్మమ్మ పేరు వెతికాను. లేదు.

ఆమె ఈలోగా గుడ్డతో కుర్చీ శుభ్రంగా తుడిచింది.

"కూసోండ్రి సారూ."

సిగ్గేసింది. కానీ బుక్ చేసుకున్నది నేనే కదండీ!

కూర్చున్నాను.